తెర మీద గులాబీ... కాగితం మీద ఇటుక రంగు!

ఫోన్‌లో అదిరిపోయిన ఫొటో ఇంట్లో ప్రింట్ తీస్తే ఎందుకు నల్లబడుతోంది? ప్రింటర్ని తిట్టే ముందు ఒకసారి మీ స్క్రీన్ సంగతి చూడండి.

పులికాట్‌లో ఫ్లెమింగోలు లేచి ఎగురుతుంటే ఫొటో తీశారు. ఫోన్‌లో చూస్తే సూపర్. ఇన్‌స్టాలో పెడితే లైకులే లైకులు. సరే, ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడదామని ఇంట్లో కలర్ ప్రింటర్ మీద ప్రింట్ తీస్తే... రెక్కల్లోని గులాబీ కాస్తా ఇటుక రంగుకి తిరిగింది. నీళ్ళు బూడిద రంగులోకి పోయాయి. ఎవరో గదిలో లైటు ఆర్పేసినట్టు మొత్తం ఫొటో డల్‌గా ఉంది.

మైపాడు బీచ్‌లో సూర్యోదయం తీసినా ఇదే కథ. నెల్లూరు చేపల పులుసు ఫొటో తీసి మెనూ కార్డు మీద వేయించినా ఇదే కథ. వెంకటగిరి చీర ఫొటో వాట్సాప్‌లో పంపి అమ్మేవాళ్ళకైతే ఇది డబ్బులతో పని. “అక్కా, నేను చూసింది నెమలికంఠం రంగు, మీరు పంపింది ముదురు ఆకుపచ్చ” అని కస్టమర్ మెసేజ్ పెడితే చీర వెనక్కి రావాల్సిందే. రానూపోనూ కొరియర్ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఒక పాత జోకుంది. బగ్ ఉందని టెస్టర్ చెప్తే, “నా మెషిన్‌లో బాగానే పనిచేస్తోందే!” అంటాడు డెవలపర్. రంగుల గొడవ కూడా అచ్చం అదే. “నా ఫోన్‌లో బాగానే ఉందే!” అని అమ్మేవాళ్ళంటారు. “నా ఫోన్‌లో వేరేగా ఉంది” అని కొనేవాళ్ళంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఇద్దరి స్క్రీన్లకీ మధ్య ఒప్పందం లేదు, అంతే. ఆ ఒప్పందం కుదర్చడమే కలర్ కాలిబ్రేషన్. ఫొటోని ఇంకా అందంగా చేయడం దాని పని కాదు. మీరు ఏ రంగు గురించి మాట్లాడుతున్నారో ఎదుటి తెరకి, ప్రింటర్‌కి, కాగితానికి అదే రంగు అర్థమయ్యేలా చేయడం దాని పని.

వెలిగేది ఒకటి, వెలుగు పడితే కనిపించేది ఒకటి

స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం... ఈ మూడు కాంతులు కలిపి రంగులు చేస్తుంది. మూడూ ఫుల్‌గా వెలిగితే తెలుపు. కాగితం అలా కాదు. దాని మీద లైటు పడాలి. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు ఆ లైటులో కొంత మింగేసి, మిగిలింది మన కంటికి పంపుతాయి. స్క్రీన్ కాంతిని కలుపుతూ పోతుంది, సిరా కాంతిని తీసేస్తూ పోతుంది. దారులే వేరైనప్పుడు ఒకే చోటికి చేరాలంటే లెక్క కావాలి.

కాంట్రాస్ట్ చూడండి. మామూలు ఐపీఎస్ మానిటర్‌లో తెలుపు, నలుపుల మధ్య తేడా సుమారు వెయ్యికి ఒకటి. మంచి గ్లాసీ ప్రింట్‌లో అది రెండు మూడు వందల దగ్గరే ఆగిపోతుంది. మ్యాట్ పేపర్ మీద ఇంకా తక్కువ. శ్రీహరికోట నుంచి రాత్రిపూట రాకెట్ లేచినప్పుడు పులికాట్ నీళ్ళ మీద పడే ఆ మంట వెలుగు ఫోన్ తెర మీద నిజంగా కళ్ళు జిగేల్‌మనిపిస్తుంది. కొత్త ఫోన్లలో హెచ్‌డీఆర్ ఫొటోలైతే ఆ మంట ఉన్న చోట మాత్రమే తెర ఇంకాస్త ప్రకాశవంతంగా వెలుగుతుంది. కాగితానికి ఆ శక్తి లేదు. అక్కడ మంట అంటే సిరా పడని ఖాళీ కాగితం, అంతే.

అందుకే ప్రింట్ తీసేవాళ్ళు ఎక్కువగా చేసే ఫిర్యాదు రంగు గురించి కాదు, “ప్రింట్ డార్క్‌గా వచ్చింది” అని. పదింట తొమ్మిదిసార్లు అసలు కారణం స్క్రీన్ బ్రైట్‌నెస్ మరీ ఎక్కువ పెట్టుకోవడం. స్క్రీన్ వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. ఎండలో వాడేటప్పుడు ఇప్పటి ఖరీదైన ఫోన్లు వెయ్యి నిట్స్ దాటతాయి. ప్రింట్ కోసం ఎడిట్ చేసేవాళ్ళు మానిటర్ని 80 నుంచి 120 నిట్స్ మధ్య ఉంచుకుంటారు. ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఎడిట్ చేసేవాళ్ళు తెలియకుండానే ఫొటోని చీకటి చేసుకుంటూ పోతారు. తెర వెలుగు ఆ చీకటిని కప్పేస్తుంది, కాగితం బయటపెట్టేస్తుంది.

చీరని షాపు బయటికి తెచ్చి చూస్తాం కదా!

అమ్మావాళ్ళతో చీరల షాపుకి వెళ్ళారా? ఎంత పెద్ద షోరూమైనా, ఎన్ని లైట్లున్నా, చివరికి చీర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి వెలుతురులో చూస్తారు. “లైట్లలో ఒకలా ఉంటదే, బయట ఒకలా ఉంటదే” అంటారు. వాళ్ళకి పేరు తెలియకపోవచ్చు కానీ, ఆ సంగతికి రంగుల శాస్త్రంలో మెటామెరిజం అని పేరు. ఒక లైటు కింద ఒకేలా కనిపించిన రెండు రంగులు ఇంకో లైటు కింద విడిపోవచ్చు. చీర, మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ షాపులో అతికినట్టు ఉండి, పెళ్ళి పందిట్లో తేడా కొట్టేది ఇందుకే.

ప్రింట్‌కీ ఇదే వర్తిస్తుంది. ప్రింట్లు చూడటానికి ప్రింటింగ్ రంగంలో డీ50 అనే ప్రామాణిక వెలుతురు పెట్టుకున్నారు. దాని రంగు ఉష్ణోగ్రత సుమారు 5000 కెల్విన్. మానిటర్లకి ఎక్కువగా వాడే ప్రమాణం డీ65, అంటే సుమారు 6500 కెల్విన్. మన ఇంట్లో అంత హంగామా అక్కర్లేదు. పగటిపూట, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన నిలబడి ప్రింట్ చూడండి చాలు. రాత్రి పనిచేయాలంటే ఎల్ఈడీ బల్బు కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్ఐ ఎంతో చూడండి. మామూలు బల్బులు 80 దగ్గర ఉంటాయి. 90 పైన ఉన్నది తీసుకుంటే రంగులు నిజానికి దగ్గరగా కనిపిస్తాయి.

ఇంకోటి గోడ. మన ఇళ్ళల్లో గదులకి లేత ఆకుపచ్చ, గులాబీ, ఆకాశనీలం వేయిస్తాం. ఆ గోడ మీద పడిన వెలుతురే మీ ప్రింట్ మీదా, తెర మీదా పడుతుంది. ఆకుపచ్చ గోడ గదిలో ముఖాల రంగు సరిచేస్తూ కూర్చుంటే ఎప్పటికీ తెగదు.

పైసా ఖర్చు లేకుండా ముందు ఇవి చేయండి

ఏదైనా కొనే ముందు ఒక అరగంట కేటాయిస్తే సగం సమస్య తీరుతుంది.

ఒకటి, తెరకి పెట్టిన మేకప్ తీసేయండి. నైట్ లైట్, ఐ కంఫర్ట్, ట్రూ టోన్, ఆటో బ్రైట్‌నెస్ అన్నీ ఆఫ్. ఫోన్‌లో ‘వివిడ్’ మోడ్ ఉంటే ‘నేచురల్’కి మార్చండి. మానిటర్ మెనూలో ‘గేమ్’, ‘మూవీ’, ‘డైనమిక్’ లాంటివి కాకుండా ‘ఎస్‌ఆర్‌జీబీ’ అని గానీ ‘స్టాండర్డ్’ అని గానీ ఉన్నది ఎంచుకోండి. మొదటి రోజు తెర పాలిపోయినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి, రెండు మూడు రోజుల్లో కళ్ళు అలవాటు పడతాయి. ఆ తర్వాత పాత మోడ్‌కి తిరిగి వెళ్తే అదే అతిగా అనిపిస్తుంది.

రెండు, కాగితం పరీక్ష. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. మీరు ప్రింట్‌కి వాడే ఫొటో పేపర్‌ని స్క్రీన్ పక్కన, గది లైటు పడేలా పట్టుకోండి. తెర ట్యూబ్‌లైట్‌లా, కాగితం మసకగా కనిపిస్తుంటే బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ రండి. రెండూ దాదాపు ఒకే తెలుపు అనిపించిన చోట ఆపండి. ఆ నంబర్ ఒక చోట రాసి పెట్టుకోండి. ఈ ఒక్క పనితో డార్క్ ప్రింట్ల బాధ చాలావరకు పోతుంది.

మూడు, మానిటర్ మెనూలో కలర్ టెంపరేచర్ ‘కూల్’లో ఉంటే 6500కి గానీ, ఆ అంకె లేకపోతే ‘నార్మల్’కి గానీ మార్చండి.

నాలుగు, బూడిద రంగు పరీక్ష. నలుపు నుంచి తెలుపు దాకా ఇరవై మెట్లుగా మారే బూడిద పట్టీ ఒకటి ఏ ఎడిటింగ్ యాప్‌లోనైనా తయారు చేసుకోండి. చివరి రెండు మూడు నల్ల మెట్లు విడివిడిగా కనిపిస్తున్నాయా? మధ్యలో ఎక్కడైనా ఆకుపచ్చ, గులాబీ ఛాయ తగులుతోందా? పువ్వు ఫొటోలో కాస్త తేడా ఉన్నా కన్ను క్షమించేస్తుంది. బూడిద రంగులో మాత్రం ఇట్టే పట్టేస్తుంది.

విండోస్‌లో స్టార్ట్ మెనూకి వెళ్ళి ‘కాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్’ అని టైప్ చేస్తే దాంట్లోనే ఒక టూల్ ఉంది. మ్యాక్‌లోనూ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఇలాంటిది ఉంది. ఫర్వాలేదు, వాడండి. కాకపోతే అక్కడ కొలబద్ద మీ కన్నే. కన్ను నమ్మదగిన సాక్షి కాదు. పసుపు బల్బు కింద చూసినా, మిట్టమధ్యాహ్నం ఎండలో చూసినా తెల్ల చొక్కా మనకి తెల్లగానే కనిపిస్తుంది. లైటుకి తగ్గట్టు మెదడు సర్దేసుకుంటుంది. బతకడానికి అది వరం. రంగు కొలవడానికి మాత్రం అదే అడ్డం.

తెర మీద సాలీడు

అందుకే యంత్రం. కలరిమీటర్ అంటారు. అరచేతిలో పట్టే చిన్న పరికరం. డేటాకలర్ కంపెనీ దానికి ‘స్పైడర్’ అని పేరు పెట్టింది. స్పైడర్ అంటే మన సాలీడే. తెర మీద వేలాడదీస్తాం కాబట్టి పేరు బాగానే కుదిరింది. కాలిబ్రైట్ కంపెనీవి ఇంకో రకం. పని ఒక్కటే.

స్క్రీన్ ఆన్ చేసి అరగంట ఆగాలి, వెలుగు నిలకడ పడటానికి. తర్వాత పరికరాన్ని తెరకి ఆనించి సాఫ్ట్‌వేర్ నడిపితే అది వరసగా రంగు ముక్కలు చూపిస్తుంది. “నేను ఈ ఎరుపు పంపాను, నీకేం కనిపించింది?” అని అడుగుతుంది. పరికరం కొలిచి చెప్తుంది. పంపినదానికీ కనిపించినదానికీ ఉన్న తేడాలన్నీ లెక్కగట్టి ఒక ఫైల్ తయారవుతుంది. అదే ప్రొఫైల్. లక్ష్యాలు మామూలుగా ఇవి: తెలుపు 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు 100 నుంచి 120 నిట్స్. చివర్లో డెల్టా ఈ అని ఒక అంకె వస్తుంది. కావాల్సిన రంగుకీ వచ్చిన రంగుకీ మధ్య దూరం అది. 1 దగ్గర ఉంటే కంటికి తేడా తెలియడం కష్టం. 2 లోపు ఉంటే ఇంటి పనికి చాలా బాగున్నట్టు.

ధర పది వేలు దాటుతుంది. నెలకోసారో రెండు నెలలకోసారో వాడే వస్తువుకి ఒక్కరే అంత పెట్టడం ఎందుకు? ఫొటోలు తీసే నలుగురు ఫ్రెండ్స్ కలిసి కొనుక్కోవచ్చు. ఆర్గిల్ సీఎంఎస్, డిస్‌ప్లేక్యాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలా రకాల పరికరాలతో పనిచేస్తాయి.

ఒక హెచ్చరిక. బడ్జెట్ ల్యాప్‌టాప్ స్పెసిఫికేషన్లలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే, మామూలు ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో సుమారు 60 శాతం పైచిలుకు మాత్రమే అది చూపించగలదని అర్థం. కాలిబ్రేషన్ ఉన్న రంగుల్ని సరిచేస్తుంది, లేని రంగుల్ని పుట్టించలేదు. అలాంటి ల్యాప్‌టాప్ ఉంటే పరికరం కొనే డబ్బుని ముందు ఒక ఐపీఎస్ మానిటర్ మీద పెట్టడం మేలు. ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని రాసుందో లేదో చూసుకోండి.

ప్రొఫైల్ అంటే దుబాసీ

కంపెనీ దొరల కాలంలో మన తీరంలో బట్టల వ్యాపారం నడిచినప్పుడు తెల్లవాళ్ళకి మన భాష రాదు, మనవాళ్ళకి వాళ్ళ భాష రాదు. మధ్యలో దుబాసీ ఉండేవాడు. రెండు భాషలూ తెలిసినవాడు. ప్రొఫైల్ చేసే పని సరిగ్గా అదే.

ఫొటో ఫైల్లో రంగులుండవు, అంకెలుంటాయి. ‘ఎరుపు 255, ఆకుపచ్చ 0, నీలం 0’ అంటే ఏ ఎరుపు? ఒక్కో తెరకి ఒక్కో ఎరుపు. ఈ గందరగోళం తీర్చడానికే 1993లో అడోబీ, యాపిల్, మైక్రోసాఫ్ట్, కొడాక్ లాంటి ఎనిమిది కంపెనీలు కలిసి ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం పెట్టుకున్నాయి. ఐసీసీ అంటే క్రికెట్ ఒక్కటే కాదన్నమాట! అప్పట్నుంచి ప్రతి పరికరానికీ ఒక ఐసీసీ ప్రొఫైల్. దుబాసీలందరికీ తెలిసిన ఉమ్మడి భాష ఒకటి ఉంటుంది. సగటు మనిషి కన్ను రంగుల్ని ఎలా చూస్తుందో 1931లోనే అంకెల్లో పెట్టిన లెక్క దానికి పునాది.

ఫొటోలకి కూడా రకరకాల భాషలున్నాయి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఎస్‌ఆర్‌జీబీ అందరికీ అర్థమయ్యేది. 1998 నాటి అడోబీ ఆర్‌జీబీలో ఆకుపచ్చలు, నీలి ఆకుపచ్చలు ఎక్కువ. ఐఫోన్ ఫొటోలు డిస్‌ప్లే పీ3లో వస్తాయి. ప్రొఫైల్ చదవడం రాని యాప్‌లో పెద్ద భాష ఫొటో తెరిస్తే రంగులు పాలిపోతాయి. అనుమానం ఉంటే ఎస్‌ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎవరికి పంపినా పెద్దగా తేడా రాదు.

ప్రింటర్ దగ్గర జరిగే అసలు తప్పు

ఇంట్లో ఫొటోల కోసమైతే నాలుగు రంగుల ఆఫీసు ప్రింటర్ కంటే ఆరు రంగులది మంచిది. మన దగ్గర దొరికే వాటిలో ఎప్సన్ ఎల్8050 ఒకటి. దాంట్లో మామూలు నాలుగు సిరాలతో పాటు లేత సయాన్, లేత మెజెంటా ఉంటాయి. ఆకాశం, ముఖాల్లాంటి లేత రంగులు చుక్కలు తేలకుండా నున్నగా వస్తాయి. కెనాన్ జీ570లో అదనంగా వచ్చేవి ఎరుపు, బూడిద. రెండూ ట్యాంకులో సిరా పోసుకునేవే.

ఇప్పుడు అసలు సంగతి. ఫొటోషాప్ లాంటి యాప్ కూడా రంగులు అనువదించగలదు, ప్రింటర్ డ్రైవర్ కూడా అనువదించగలదు. ఇద్దరు దుబాసీలూ ఒకేసారి మాట్లాడితే? అనువాదానికి మళ్ళీ అనువాదం! ప్రింట్ మొత్తం ఎర్రగానో మెజెంటాగానో తిరిగితే మొదట దీన్నే అనుమానించండి. యాప్‌లో ‘అప్లికేషన్ మేనేజెస్ కలర్స్’ పెడితే, డ్రైవర్‌లో కలర్ కరెక్షన్ ఆఫ్ చేయాలి. లేదంటే యాప్‌ని ఊరుకోమని ప్రింటర్‌కే వదిలేయాలి. ఎవరో ఒక్కరే మాట్లాడాలి.

రెండోది పేపర్ రకం. మీరు పెట్టింది గ్లాసీ, డ్రైవర్‌లో ఉన్నది ప్లెయిన్ పేపర్ అయితే సిరా పడే మోతాదే మారిపోతుంది. ప్రింటర్ కంపెనీ సొంత పేపర్‌కి ప్రొఫైల్ డ్రైవర్‌తో పాటే వస్తుంది. ప్రొఫైల్ లేని చవక పేపర్ వాడితే దగ్గరి రకం ఎంచుకుని, చిన్న సైజులో ఒక టెస్ట్ ప్రింట్ తీసి చూడాలి. సిరా మార్చినా లెక్క మారుతుంది. ప్రొఫైల్ అనేది ప్రింటర్, సిరా, పేపర్ ఈ ముగ్గురికీ కలిపి రాసుకున్న అగ్రిమెంట్. ఒకరు మారితే అగ్రిమెంట్ చెల్లదు.

పేపర్ తెలుపులో కూడా మతలబు ఉంది. పంచెకి నీలిమందు పెడితే ఎక్కువ తెల్లగా కనిపించినట్టే, చాలా ఫొటో పేపర్లలో బ్రైటెనర్లు కలుపుతారు. ఇవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా వెలిగిస్తాయి. పగటి వెలుతురులో పేపర్ తళతళలాడుతుంది. ఆ కిరణాలు లేని ఎల్ఈడీ బల్బు కింద అదే పేపర్ కాస్త పచ్చగా అనిపిస్తుంది. ప్రింటర్ తప్పేం లేదు.

ఫ్లెమింగో పరీక్ష

ఇప్పుడు మన గులాబీ దగ్గరికొద్దాం. ఫ్లెమింగో పిల్లలు బూడిద రంగులో పుడతాయి. నాచు, చిన్న చిన్న రొయ్య జాతి జీవులు తినగా వాటిలోని కెరోటినాయిడ్లు ఈకల్లో చేరి గులాబీ రంగు వస్తుంది. మనం రొయ్యలు ఉడికిస్తే ఎర్రబడేదీ ఆ కుటుంబం రంగు వల్లే. పులికాట్‌కి వచ్చే పెద్ద ఫ్లెమింగో నీళ్ళలో నిలబడి ఉంటే దాదాపు తెల్లగా, కాస్త గులాబీ జీరతో ఉంటుంది. రెక్క విప్పితే మాత్రం పగడపు ఎరుపు, అంచున నలుపు.

ఆ ఒక్క పక్షిలో ప్రింటర్‌కి కష్టమైనవన్నీ ఉన్నాయి. తెలుపుకి దగ్గరి గులాబీ: తెరలో కాస్త నీలం ఎక్కువైతే అది కనిపించనే కనిపించదు. మీరు సాచురేషన్ పెంచేస్తారు, ప్రింట్‌లో ఇటుక రంగు తేలుతుంది. పగడపు ఎరుపు: ఎక్కువ పెంచితే ఎరుపు ఛానల్ నిండిపోయి ఈకల గీతలు కలిసిపోతాయి. తెర మీద మెరుపులో తెలియదు, కాగితం మీద రంగు ముద్దలా పడుతుంది. హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత కుడి గోడకి గుద్దుకుంటుంటే అక్కడే ఆపాలి.

సిరాలకి అందని రంగులు ఎప్పుడూ ఉంటాయి. అవేమిటో ప్రింట్ తీయకముందే చూపించే సౌకర్యం సాఫ్ట్ ప్రూఫ్. ఫొటోషాప్, లైట్‌రూమ్‌లోనే కాదు, ఉచితంగా దొరికే గింప్, డార్క్‌టేబుల్‌లోనూ ఉంది. పేపర్ ప్రొఫైల్ ఎంచుకుంటే కాగితం మీద ఫొటో ఎలా ఉంటుందో తెర మీదే చూపిస్తుంది. అందని రంగుల్ని ఏం చేయాలో కూడా మీరే చెప్పొచ్చు. ‘పర్సెప్చువల్’ అంటే అన్ని రంగుల్నీ కాస్త కాస్త దగ్గరికి జరుపుతుంది. ‘రిలేటివ్ కలరిమెట్రిక్’ అంటే అందేవాటిని అలాగే ఉంచి, అందనివాటినే అంచుకి తెస్తుంది. రెండూ చూసి, మీ ఫొటోకి ఏది నప్పితే అది. ఇదంతా పనికొచ్చేది మీ తెర కాలిబ్రేట్ అయి ఉంటేనే. లేకపోతే తప్పుడు అద్దంలో మేకప్ చూసుకున్నట్టే.

చామనఛాయకి న్యాయం

పక్షి రంగు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ బాధపడరు. ముఖం విషయంలో అలా కాదు.

పూర్వం ఫొటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపే కార్డుల్ని ‘షిర్లీ కార్డులు’ అనేవారు. 1950లలో మొదటి కార్డు మీద మోడల్‌గా ఉన్న కొడాక్ ఉద్యోగిని పేరు మీదుగా వచ్చిన పేరది. ఆమె తెల్లజాతి మహిళ. ఆమె చర్మం సరిగ్గా వస్తే మిషన్ సరిగ్గా ఉన్నట్టు. మిగతా వాళ్ళ చర్మం ఎలా వచ్చినా లెక్క కాదు. రకరకాల చర్మఛాయలున్న కార్డు రావడానికి 1990ల దాకా పట్టింది. గూగుల్ 2021లో పిక్సెల్ 6 ఫోన్లతో ‘రియల్ టోన్’ తెచ్చింది. ఆ మరుసటేడు హార్వర్డ్ ప్రొఫెసర్ ఎల్లిస్ మాంక్ రూపొందించిన పది ఛాయల స్కేలు వాడటం మొదలుపెట్టింది. అంటే ఈ లెక్క ఇంకా సరిచేస్తూనే ఉన్నారు.

మన దగ్గర దీని రూపం వేరు. ఫోన్ బ్యూటీ మోడ్ మనం అడక్కుండానే తెల్లబరుస్తుంది. స్టూడియోలో “కొంచెం ఫెయిర్ చేశాం సార్” అని గొప్పగా చెప్తారు. రోజూ వేటకెళ్ళి ఎండలో ఉప్పునీళ్ళలో గడిపిన మనిషి ఫొటో పాలరాతి బొమ్మలా వస్తుంది. రేపు గోడ మీద మిగిలేది ఆ ఫొటోనే. తాతయ్య చామనఛాయ అని ఇంట్లో అందరికీ తెలుసు, ఆయన్ని చూడని మనవడికి మాత్రం గోడ మీద వేరే మనిషి కనిపిస్తాడు. సొంత తెర, సొంత ప్రింటర్ కుదుర్చుకోవడంలో ఉన్న అసలు లాభం ఇక్కడుంది. ఆ నిర్ణయం ఏదో మిషన్ ఆటో బటన్‌ది కాకుండా మీది అవుతుంది. బ్యూటీ మోడ్ ఆపి తీయండి. బూడిద కార్డు ఒకటి పక్కన పెట్టి మొదటి ఫొటో తీసుకుంటే, ఎడిటింగ్‌లో ఆ కార్డు మీద క్లిక్ చేసి లైటు ఛాయని తీసేయొచ్చు. మనిషి రంగు మనిషికి మిగులుతుంది.

చీరల అమ్మకం: సగం మీ చేతుల్లో

వెంకటగిరి చీరలకి భౌగోళిక గుర్తింపు ఉంది, జాందానీ పనికి పేరుంది. ఇప్పుడు చాలా అమ్మకాలు ఫోన్‌లోనే. కొనేవాళ్ళ తెరని మీరు కాలిబ్రేట్ చేయలేరు. మీ వైపు మాత్రం పక్కాగా ఉంచుకోవచ్చు.

నీడలో, పగటి వెలుతురులో తీయండి. ట్యూబ్‌లైటు, కిటికీ వెలుతురు రెండూ కలవనీయకండి. బూడిద కార్డు గానీ, కనీసం ఒక తెల్ల కాగితం గానీ ఫ్రేమ్‌లో ఒక మూల ఉంచండి. కొనేవాళ్ళ ఫోన్‌లో ఆ కాగితం పచ్చగా కనిపిస్తే వాళ్ళ నైట్ లైట్ ఆన్‌లో ఉందని వెంటనే అర్థమవుతుంది. ఫిల్టర్లు వద్దు. ఫొటోని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే కుదించకుండా వెళ్తుంది. రంగు పేరు కూడా రాయండి: “వంకాయ రంగు, ఎరుపు జీరతో”. మన భాషలో రంగులకి ఉన్న పేర్లు ఏ అంకెలకీ తీసిపోవు.

కొన్నిటికి మాత్రం ఏ కాలిబ్రేషనూ చాలదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయిన చీర చూసే కోణాన్ని బట్టి మారుతుంది. జరీ మెరుపు సిరాతో రాదు, పసుపో గోధుమో అవుతుంది. వాటికి చీర కదులుతున్న చిన్న వీడియో పంపడమే దారి.

ఉప్పు గాలికి విరుగుడు

సముద్రం పక్కన ఉండేవాళ్ళకి ఇంకో తలనొప్పి తేమ. పేపర్ తేమ పీలిస్తే అంచులు వంగుతాయి, సిరా ఆరదు. ప్యాకెట్ విప్పాక మిగిలిన పేపర్ని జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. తీసిన ప్రింట్‌ని వెంటనే ఫ్రేమ్‌లో బిగించకుండా ఒక రోజు ఆరనివ్వండి. రంగు సరిపోయిందా లేదా అన్న తీర్పు కూడా ఆరాకే.

ప్రింటర్ని వాడకుండా వదిలేస్తే నాజిల్స్‌లో సిరా గట్టిపడుతుంది. వారానికి ఒక్క కలర్ ప్రింట్ అయినా తీయండి. ఈ ట్యాంక్ ప్రింటర్లలో వచ్చేది ఎక్కువగా డై సిరా. రంగులు బాగా పలుకుతాయి కానీ ఎండకి, గాలికి పిగ్మెంట్ సిరా కంటే త్వరగా వెలుస్తాయి. గాజు ఫ్రేమ్‌లో, గాజుకి ఫొటో అంటుకోకుండా, ఎండ తగలని గోడకి పెట్టండి.

ఇంత అవసరమా అంటే, అందరికీ అక్కర్లేదు. ఏడాదికి పది ఫొటోలు వేయించేవాళ్ళు ల్యాబ్‌కి వెళ్ళడమే చవక. అక్కడ కూడా మూడు మాటలు గుర్తుంచుకోండి: ఫైల్ ఎస్‌ఆర్‌జీబీలో ఇవ్వండి. సైజుకి తగ్గ పిక్సెల్స్ ఉన్నాయో లేదో చూడండి, అంగుళానికి 300 లెక్కన 4x6 ప్రింట్‌కి 1200x1800 కావాలి. “ఆటో కరెక్షన్ చేయొద్దండీ” అని చెప్పండి. ముందు ఒక్క ప్రింట్ తీయించి చూసుకుని, తర్వాత మిగతావి వేయించండి.

ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్ళు మాత్రం ఈ ఆదివారం ఒక గంట తీయండి. తెర మేకప్ తీసేసి, కాగితం పక్కన పెట్టి బ్రైట్‌నెస్ తగ్గించి, బూడిద పట్టీ చూసుకుని, డ్రైవర్‌లో పేపర్ రకం సరిచేసి ఒక్క 4x6 ప్రింట్ తీయండి. రంగులు బాగా తెలిసిన ఫొటో తీసుకోండి, ఇంట్లో వాళ్ళ ముఖం అయితే ఇంకా మంచిది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఆ మనిషిని పక్కన నిలబెట్టి చూడండి. అంతకు మించిన టెస్ట్ చార్ట్ ఏ కంపెనీ అమ్మడం లేదు.